కూలి కాదు, కృప

డిసెంబరు 31 రాత్రి మందిరం నిండిపోయింది. లోపల చాపలు చాలక ఆవరణలో పట్టాలు పరిచారు. పన్నెండు కొట్టగానే గంట మోగింది. పక్కవాళ్ల చేతులు పట్టుకుని అందరూ వందనాలు చెప్పుకున్నారు. ఆ తర్వాత పళ్లెంలో వాగ్దానపు కార్డులు వచ్చాయి. ఒక అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, వణికే వేళ్లతో ఒక కార్డు తీసింది. దాని మీద ఒక్క వచనం. ఆ చిన్న కాగితాన్ని ఏడాదంతా బైబిలు మధ్యలో దాచుకుంటుంది. కొడుక్కి ఉద్యోగం దొరుకుతుందో లేదో, ఇంటాయన తాగుడు మానతాడో లేదో, తాకట్టులో ఉన్న పుస్తెలతాడు తిరిగి మెడలోకి వస్తుందో లేదో ఆమెకు తెలియదు. తెలియకుండానే స్తోత్రం చెప్పింది.

కృపా, నిన్ను పాడాలని కూర్చుంటే ముందుగా ఆ చెయ్యే కళ్లముందుకొస్తుంది. పళ్లెం దగ్గర ఆమెను ఎవరూ అర్హత అడగలేదు. పోయిన ఏడాది ఎన్ని ఆదివారాలు వచ్చావని లెక్క చూడలేదు. చెయ్యి చాపింది, కాగితం అందింది. నీ పని అంత సులువుగా మొదలవుతుంది. దాని వెనక ఎంత ఖరీదు ఉందో సిలువకు తెలుసు.

లోకం మాకు నేర్పింది వేరే లెక్క. చేసినంతకు కూలి, చదివినంతకు మార్కు, పెట్టినంతకు లాభం. ఆ లెక్కలో మేము రాటుదేలిపోయాం. కష్టం వస్తే ఏ తప్పుకు శిక్షో అని వెతుక్కుంటాం, మేలు జరిగితే ఏ మంచికి ఫలమో అని గర్వపడతాం. ఆ ఖాతా పుస్తకాన్ని నీవెలా మూస్తావో చూడాలనిపించినప్పుడల్లా నా మనసు ఒంగోలు వెళ్తుంది.

ఒంగోలును ఆనుకుని ఒక కొండ ఉంది. ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1న, ఇంకా తెల్లవారకముందే ఐదుగురు ఆ కొండ ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. కింద ఊరు నిద్రపోతోంది. ఆ ఊళ్లో వాళ్లకు మందిరం లేదు, సంఘం లేదు, పిలిచి మంచినీళ్లిచ్చే బంధువులు లేరు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని రాళ్ల మీద మోకాళ్లూని అడిగారు. అడిగి, పొద్దు పొడిచాక, దిగి వెళ్లిపోయారు. అంతే జరిగింది. ఆకాశం తెరుచుకోలేదు, కొండ కదల్లేదు.

ఆ మోకాళ్ల వెనక ఎంత ఓటమి ఉందో తెలిస్తే ఆ ప్రార్థన విలువ తెలుస్తుంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. 1840లో నెల్లూరు చేరింది. ఏళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే విశ్వాసులు. డబ్బు దండగ, మనుషుల ఆరోగ్యం దండగ, మూసేద్దామన్న మాట 1848లోనే వచ్చింది. 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో మళ్లీ వచ్చింది. మిషన్ కేంద్రాల పటంలో తెలుగు దేశం మీద ఉన్నది నెల్లూరు ఒక్కటే, ఒంటరి చుక్క. ఆ చుక్కను చెరిపేద్దామా అన్నది అక్కడి చర్చ. ఆ రాత్రి సామ్యూల్ స్మిత్ అనే కవి నిద్రపోక ఆ చుక్క మీద ఒక కవిత రాశాడు. చెరిపేయాలనుకున్న చేతులు ఆగిపోయాయి. అప్పట్నుంచి ఈ మిషన్‌కు ‘లోన్ స్టార్’ అనే పేరు నిలిచిపోయింది. 1862లో మూడోసారి మూసివేత మాట వచ్చినప్పుడు, జబ్బుచేసి స్వదేశం వెళ్లిన జ్యూయెట్ ఒప్పుకోలేదు. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, తెలుగువాళ్ల మధ్యే ఉండి అక్కడే చనిపోతాను అన్నాడు.

మూడుసార్లు చావు అంచుదాకా వెళ్లి బతికిన చుక్క అది. కృపా, నీవు కాపాడాలనుకున్నదాన్ని పెద్ద సైన్యంతో కాపాడవు. నిద్రపట్టని ఒక కవితో, మొండికేసిన ఒక రోగితో, తెల్లవారుజామున కొండెక్కిన ఇద్దరు తెలుగు స్త్రీలతో కాపాడతావు.

ఆ కొండ మీద అడిగిన సేవకుడు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. జాన్ క్లౌ 1866లో ఒంగోలులో అడుగుపెట్టాడు. కొండ మీద ప్రార్థన జరిగిన రోజుకు సరిగ్గా పదమూడేళ్లకు, మళ్లీ ఒక జనవరి 1న, 1867లో ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది.

పదమూడేళ్లకు ఎనిమిది మంది! కూలి లెక్కలో ఇది దివాలా. ఏ కంపెనీ అయినా తాళం వేసుకునేది. కానీ పన్నెండేళ్లు చూసినవాడికి పదమూడో ఏడు ఎందుకు చూడాలో నీకు తెలుసు. విత్తనం మట్టిలో ఉన్నన్నాళ్లు రైతు పొలంలో అడుగుపెట్టి తవ్వి చూడడు. తవ్వి చూస్తే మొలక చస్తుంది. మేము మా ప్రార్థనల్ని ఎన్నిసార్లు తవ్వి చూసి చంపుకున్నామో!

అప్పుడు నీవు ఎవరి గుమ్మం తొక్కావు? ఊరి బయట ఉన్నవాళ్ల గుమ్మం. యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగినవాడు, అంతకుముందే యోగం పట్టి దేవుణ్ణి వెతికినవాడు. తాను కనుగొన్న ప్రభువు గురించి గూడెం గూడేనికీ నడిచి చెప్పాడు. పేరయ్య వెనక అతని జనం కదిలారు. వాళ్లను చూసి ఒంగోలులో అగ్రకులాల వాళ్లు క్లౌ దగ్గరికి వచ్చారు. ఈ మాదిగలను చేర్చుకోకపోతే మేమే వస్తాం అన్నారు.

అదొక పెద్ద ప్రలోభం. పెద్దలు వస్తే ఊరు వస్తుంది, గౌరవం వస్తుంది. అందరూ తలూపే లెక్క అది. క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న సంగతి ఇది: ఆ కలవరంలో ఆయన ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరి కళ్లూ పడ్డది ఒకే చోట. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. దేవుడు లోకం తక్కువగా చూసేవాళ్లను ఏరుకుంటాడని చెప్పే వచనాలు. భార్యాభర్తలు ఒకరికొకరు ఆ సంగతి చెప్పుకున్నాక ఇక చర్చ మిగల్లేదు. వచ్చినవాళ్లను వచ్చినట్టే చేర్చుకున్నారు.

కృపా, నీవు కిందినుంచి కడతావు. మేడ కట్టేవాడు కూడా పునాది దగ్గరే మొదలుపెడతాడు కదా, నీ పద్ధతి చూసి మేమెందుకు ఆశ్చర్యపోతామో! పునాదిరాళ్లు మట్టిలో ఉంటాయి. ఎవరూ వాటికి దండలు వేయరు. భవనం బరువు మోసేది అవే.

తర్వాత కరువొచ్చింది. 1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకే మనవాళ్లు ఆ కరువును ధాత కరువు అన్నారు. ధాత అంటే సృష్టించి పోషించేవాడు. ఆ పేరున్న ఏడాదిలోనే మద్రాసు రాజధాని పల్లెల్లో గాదెలు అడుగంటాయి, పశువులు దొడ్లలోనే ఒరిగిపోయాయి, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని దారి పట్టారు. కరువు వెనకే కలరా వచ్చింది. సర్కారు కరువు పనుల్లో రోజంతా కష్టపడ్డ మగవాడికి ఒక దశలో దక్కింది ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆకలిని తూకం వేసి, దానికి సరిపడా కంటే తక్కువ ఇచ్చిన కాలం అది.

క్లౌ పూర్వం అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. దుర్భిణి, గొలుసు, మట్టం తెలిసినవాడు. సముద్రం వెంబడి తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆ పనికి వచ్చారు. గడ్డపార, తట్ట, ఎండ, ఇసుక. సాయంత్రం కూలి డబ్బులు. గంజి తాగి ఆ రాత్రికి బతికితే, రేపటి తట్టకు బలం. గుంపులు గుంపులుగా విరామానికి కూర్చున్నప్పుడు, వాళ్లతోపాటే ఉన్న తెలుగు బోధకులు వాళ్లకు వాక్యం చెప్పారు. ఆకలి తెలిసినవాడు ఆకలిగొన్నవాడికి చెప్పిన మాట కాబట్టి అది లోపలికి వెళ్లింది.

ఇక్కడే, కృపా, నీ పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చరణం ఉంది.

ఆ జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం నడిచిన పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి చేతిలో ఉన్నవాడు దేవుణ్ణి కూడా అదే గరిటెతో వడ్డిస్తే, రేపు ఆ గంజే గుర్తుంటుంది, దేవుడు గుర్తుండడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఈ పేదల మీద పడకూడదు. కాబట్టి కూలి వేరు, బాప్తిస్మం వేరు. కాలువ దగ్గర ఏది ఇచ్చినా అది చెమటకు జీతం. దాన్ని నీ పేరుతో కలపనివ్వలేదు. నిన్ను అంత శుభ్రంగా ఉంచడానికి ఒక మనిషి పదిహేను నెలలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

1878 నడివేసవి దాటాక పని అయిపోయింది, సాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, ఊళ్లకు వెళ్లండి అన్నారు. వాళ్లు కదల్లేదు. డబ్బు అడగడానికి రాలేదన్నారు. బొబ్బలెక్కిన చేతులు చూపించి, ఇన్నాళ్లూ తిన్నది కష్టపడి తిన్నామన్నారు. మమ్మల్ని చేర్చుకోండి, అదొక్కటే కావాలన్నారు. గిన్నె ఖాళీ అయిన రోజున వాళ్ల విశ్వాసం నిండుగా కనిపించింది.

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి. అక్కడ గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, రాళ్లను ఒరుసుకుంటూ తూర్పుకు నడిచి, సముద్రంలో కలిసే నది. జూలై 2న బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 3న, ఒక్క రోజున, 2,222 మంది ఆ నీళ్లలోకి దిగారు. బాప్తిస్మమిచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసిన జంట ఒడ్డుకొస్తే ఇంకో జంట దిగి, పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. మూడు రోజుల్లో మూడున్నర వేలు దాటారు. ఆ ఏడాది ముగిసేసరికి తొమ్మిది వేలు దాటారు.

ఊహించుకోండి. ఊరి బావిలో బొక్కెన వేయనివ్వని జనం. చెరువులో మెట్టు దిగనివ్వని జనం. దాహమేస్తే ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టాల్సిన జనం. ఆ రోజు నిలువెత్తు నదిలోకి దిగారు. తమలాంటి మనిషే తమ వీపు కింద చెయ్యి వేసి, నీళ్లలో ముంచి, పైకి లేపాడు. నీటిని తాకనివ్వని చోట నీరే వాళ్లను కప్పింది. గుండ్లకమ్మకు కులం అడిగే అలవాటు లేదు. కాలువ దగ్గర తట్టలు లెక్కపెట్టారు. నది దగ్గర లెక్కపెట్టింది మనుషుల్ని.

కాలువ మనిషి తవ్వితే వస్తుంది. గడ్డపార ఎంత లోతు దిగితే అంత కాలువ. నది ఎవరూ తవ్వకముందే వస్తుంది, ఎక్కడో కొండల్లో మనకు తెలియని వానకు పుట్టి వస్తుంది. కృపా, నీవు నదివి. మా కష్టమంతా కాలువే. కాలువ తవ్వొద్దని నీవెప్పుడూ అనలేదు, ఆ చేతుల్నే నీళ్లలోకి పిలిచావు. కానీ బొబ్బలు చూసి పిలవలేదు.

యేసు చెప్పిన ద్రాక్షతోట కథలోనూ ఈ లెక్కే ఉంది. తెల్లవారినప్పుడు వచ్చిన కూలీకీ, పొద్దు వాలాక ఐదింటికి వచ్చిన కూలీకీ యజమాని ఒకే దేనారం ఇచ్చాడు. ముందొచ్చినవాళ్లు సణిగారు. అడ్డా మీద పొద్దంతా నిలబడి, ఎవరూ పిలవక, ఖాళీ టిఫిను డబ్బాతో ఇంటికి మళ్లబోయిన కూలీకి మాత్రం ఆ కథ వివరించి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఐదింటికి కూడా తన కోసం ఎవరో వస్తారని వినడమే అతనికి సువార్త.

అయితే, కృపా, నీ పాటలో అబద్ధం పాడను. నది నుంచి ఒడ్డుకొచ్చినవాళ్లకు అడ్డంకులన్నీ తొలగిపోలేదు. ఆదివారం పనికి రామన్నందుకు, చచ్చిన గొడ్డు మాంసం మానేసినందుకు, విగ్రహాల ముందు డప్పు కొట్టబోమన్నందుకు వాళ్లు బాధలు పడ్డారు. అదే గుండ్లకమ్మ దిక్కున, వినుకొండలో, 1895లో ఒక క్రైస్తవ కుటుంబంలో గుర్రం జాషువా పుట్టాడు. నదిలో మునిగి లేచిన తరం తర్వాత కూడా ఆ పిల్లవాణ్ణి అంటరానివాడన్నారు. ఆ అవమానాన్నే అతను పద్యం చేశాడు. 1941లో ‘గబ్బిలం’ రాశాడు, గుడి గోడ మీద వేలాడే గబ్బిలం చేత శివుడికి పేదవాడి మొర పంపాడు. తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గాయం మానలేదు, గాయంలోంచి గొంతు వచ్చింది. మన మందిరాల్లో కూడా కులం ఇంకా చెప్పులు విడవకుండానే లోపలికి వస్తోంది. పెళ్లి మాటల దగ్గర, పెత్తనాల దగ్గర, కొన్నిచోట్ల సమాధుల దగ్గర కూడా గీతలు గీస్తోంది. గుండ్లకమ్మలో మునిగినవాళ్ల మనవలమై ఉండి ఆ గీతలు గీసుకోవడం మన పాపం. అది ఒప్పుకోకుండా నిన్ను పాడితే నా నోటికి శోభించదు.

పౌలుకు ఒక ముల్లు ఉండేది. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు తీయలేదు. ముల్లుతో నడవడానికి నీవే చాలునన్నది అతనికి దొరికిన జవాబు. చాలా ఏళ్లు నాకు ఆ జవాబు తప్పించుకున్న మాటలా వినిపించేది. అడిగిందొకటి, ఇచ్చిందొకటి అనిపించేది. ఇప్పుడు అలా అనిపించదు. ముల్లు తీసిన వైద్యుడు తన దారిన వెళ్తాడు. ముల్లుతో నడిచేవాడి పక్కన నడవాలనుకున్నవాడు ఇంటిదాకా వస్తాడు.

ప్రతి సంఘంలోనూ సాక్ష్యం చెప్పే ఒక పెద్దమ్మ ఉంటుంది. పాస్టరు గారు సాక్ష్యాలున్నవాళ్లు లేవండి అనగానే ఒకరు కొడుక్కి వీసా వచ్చిందంటారు, ఒకరు ఆపరేషన్ బాగా జరిగిందంటారు, ఒకరు ఇల్లు కట్టుకున్నామంటారు. అందరూ స్తోత్రం అంటారు. చివర్లో ఆ పెద్దమ్మ గోడ పట్టుకుని లేస్తుంది. అడిగింది ఇంకా రాలేదయ్యా అంటుంది. అయినా ఆయన నన్ను విడిచిపెట్టలేదు అంటుంది. కూర్చుంటుంది. ఆ సాక్ష్యానికి స్తోత్రం కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా వినిపిస్తుంది. కృపా, ఆ మెల్లని స్తోత్రంలో నీవున్నంత దగ్గరగా ఇంకెక్కడా లేవు. ఆమెది కొండ మీది ఐదుగురి వంశం. రాకముందే నమ్మినవాళ్ల వంశం.

అందుకే ఈ పాటలో అడ్డంకి దాటినవాళ్లను మాత్రమే పొగడను. దాటుతూ ఉన్నవాళ్లను, దాటలేక దారి పక్కన కూలబడ్డవాళ్లను కూడా పాడతాను. డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద రాత్రంతా కూర్చుని పెదవులు కదిపే కొడుకును పాడతాను. అప్పులవాడు తలుపు తడితే పిల్లల్ని వెనకగదిలోకి పంపి, గుండె గట్టి చేసుకుని తలుపు తీసే ఇల్లాలిని పాడతాను. గల్ఫులో లేబరు క్యాంపు మంచం మీద, ఫోనులో కూతురు పాడిన ఆదివారపు పాటను పదిసార్లు వినే తండ్రిని పాడతాను. వీళ్లెవరి చేతిలోనూ గెలుపు లేదు. తెల్లవారుజాము చీకట్లో కొండెక్కే కాళ్లు మాత్రం ఉన్నాయి. ఆ కాళ్లే నీ దానం.

ఒంగోలు కొండ నేటికీ అక్కడే ఉంది. ఐదుగురి ప్రార్థన విని అది పక్కకు జరగలేదు. దాని కింద ఊరు మారింది. గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గర ఆనకట్ట వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ చాలాచోట్ల పూడిపోయింది, దాన్ని తవ్వినందుకు ఇచ్చిన కూలి ఆ సాయంత్రమే ఖర్చయిపోయింది. నది ఒడ్డున ఉచితంగా దొరికింది మాత్రం తల్లుల నుంచి బిడ్డలకు, బిడ్డల నుంచి మనవలకు ఇంకా అందుతూనే ఉంది.

ఇది చదువుతున్న అన్నా, అక్కా, నీ పన్నెండేళ్లు ఇంకా పూర్తికాలేదేమో. మొలకను తవ్వి చూడకు. రేపు తెల్లవారుజామున లేచి, నిన్న అడిగిందే మళ్లీ అడుగు. ఈ ఆదివారం మందిరానికి వెళ్లినప్పుడు, ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావచ్చో లేదో తెలియక చూస్తున్నవాళ్లెవరైనా ఉంటే, వాళ్లెవరో, ఏ వాడవాళ్లో అడగకు. నీకు చోటిచ్చినప్పుడు నిన్నెవరూ అడగలేదు. చాప మీద కాస్త జరుగు.